కుదురు, వెసులుబాటు, ఒరిపిడి: స్వనిర్మిత విమానంలో విద్యుత్ వైర్ల అమరికకు తెలుగులో వివరణ

వ్యాససంగ్రహం:
ఔత్సాహికులు సొంతంగా నిర్మించుకొనే చిన్న విమానంలో విద్యుత్ వైర్లను నిలకడగా అమర్చే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. వైరు చెడిపోవడానికి అందులోని విద్యుత్తు కంటే అది పొందే కదలికే తరచు కారణమవుతుంది. ఆ కదలికను అదుపు చేయడమంటే వైరును గట్టిగా లాగి కట్టడం కాదు. తెలుగులో ఈ పనిని చెప్పేటప్పుడు ‘బిగించు’ అనే ఒకే క్రియను వాడటం వల్ల అర్థం తప్పుదారి పడుతోందని, కుదురు, వెసులుబాటు, ఒరిపిడి అనే వాడుక మాటలు ఈ పనిలోని సూక్ష్మభేదాలను సరిగా పట్టుకోగలవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్వనిర్మిత విమానం, వైరు, కుదురు, వెసులుబాటు, ఒరిపిడి, వృత్తిపదజాలం, సాంకేతిక తెలుగు.

1. ఉపోద్ఘాతం

గుంటూరు, తెనాలి పట్టణాల మధ్యనున్న వడ్లమూడి నేడు ఇంజనీరింగ్ చదువులకు పేరు పొందిన ఊరు. ఈ పరిసరాల్లో తెలుగు బోధించేవారికి సాహిత్య విద్యార్థులతో పాటు యంత్రాలతో పనిచేసే విద్యార్థులు కూడా ఎదురవుతుంటారు. ఒకసారి తరగతిలో అనువాద అభ్యాసంగా విమాన నిర్వహణకు సంబంధించిన ఒక చిన్న సూచనను ఇచ్చాను. వైర్లకట్టను విమాన దేహానికి కదలకుండా అమర్చమని దాని భావం. విద్యార్థుల్లో ఎక్కువమంది రాసిన వాక్యం ఒక్కటే: ‘వైర్లను గట్టిగా బిగించండి.’

వ్యాకరణ దృష్టితో ఆ వాక్యంలో దోషం లేదు. కాని దాన్ని నమ్మి ఎవరైనా పనిచేస్తే విమానంలో కొత్త ప్రమాదం పుడుతుంది. మరను బిగిస్తాం, మంచం పట్టెను బిగిస్తాం, నడుము బిగిస్తాం. ఈ ప్రయోగాలన్నింటిలోనూ ‘బిగించు’ అంటే వదులు లేకుండా చేయడమే. విమానంలోని వైరుకు కొంత వదులు ఉండి తీరాలి. దాన్ని పట్టి ఉంచే సాధనం వైరు తొడుగును నొక్కకూడదు. అంటే మూలంలోని క్రియ కోరుతున్నది నిలకడను, మన అనువాదం చెబుతున్నది బిగువును.

‘సురక్షితం చేయు’ అనే పుస్తకభాష ఈ చిక్కును తీర్చదు. అది ఫలితాన్ని చెబుతుందే గాని చేయి చేయవలసిన పనిని చెప్పదు. కనుక ముందుగా ఆ పని ఏమిటో తెలుసుకొని, తరువాత దానికి తగిన మాటను వెతుక్కోవడం మంచిదని భావిస్తున్నాను. ఈ వ్యాసంలో ‘తీగ’ అంటే లోపలి రాగి, ‘తొడుగు’ అంటే దానిపై విద్యుత్తును ఆపే పొర, ‘వైరు’ అంటే ఈ రెండూ కలిసిన వస్తువు.

2. స్వనిర్మిత విమానం

కర్మాగారంలో కాక ఇంటి షెడ్డులోనో, అద్దెకు తీసుకొన్న హ్యాంగరులోనో ఔత్సాహికుడు నిర్మించుకొనేది స్వనిర్మిత విమానం. అమెరికాలో ఈ వర్గానికి వేరుగా ధ్రువీకరణ ఉంది. నిర్మాణంలో అధికభాగాన్ని ఔత్సాహికులు తమ విద్య కోసమో వినోదం కోసమో చేసి ఉండాలన్నది అక్కడి నియమం. దీన్నే వాడుకలో 51 శాతం నియమం అంటారు. 1953లో పాల్ పోబెరెజ్నీ స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఈ ఉద్యమానికి ప్రధాన వేదిక అయింది.

మన దేశంలో బాగా తెలిసిన ఉదాహరణ ముంబయికి చెందిన పైలట్ అమోల్ యాదవ్. తన కుటుంబం నివసించే భవనం పైకప్పు మీద ఆయన నిర్మించిన విమానానికి పౌర విమానయాన డైరెక్టరేట్ 2017లో నమోదు సంఖ్యను, 2019లో ఎగిరే అనుమతిని ఇచ్చింది. తెలుగువారికి మరో దారిలో కూడా ఈ రంగంతో పరోక్ష సంబంధం ఉంది. కోస్తా ప్రాంతపు తెలుగు కుటుంబంలో పుట్టిన బండ్ల శిరీష 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ వారి యూనిటీ వాహనంలో ప్రయాణించారు. ఆ తరగతి వాహనాలకు పూర్వరూపమైన స్పేస్‌షిప్‌వన్‌ను రూపొందించిన బర్ట్ రూటాన్ పేరు తెచ్చుకొన్నది స్వనిర్మిత విమానాల నమూనాలతోనే. 1975లో తొలిసారి ఎగిరిన ఆయన వారియీజీ విమానపు నిర్మాణ పటాలను కొనుక్కొని ఎందరో ఇళ్లలో విమానాలు కట్టుకొన్నారు.

ఇక్కడ ఒక తేడాను గుర్తుంచుకోవాలి. కర్మాగారంలో వైర్లు అమర్చే పనివాడు ఆ పనిని పదేపదే చేసి చేయి తిరిగినవాడు. ఇంట్లో నిర్మించుకొనేవాడు చాలాసార్లు ఆ పనిని జీవితంలో మొదటిసారి చేస్తాడు. అతనికి గురువు పుస్తకమే. ఆ పుస్తకంలోని ఒక క్రియాపదం తప్పుగా అర్థమైతే, దాని ఫలితాన్ని అనుభవించేది అతడూ, పక్క సీట్లో కూర్చొన్న అతని కుటుంబసభ్యుడూను.

3. ఒరిపిడి: వైరు ఎందుకు చెడుతుంది?

ఇంటి గోడలో పెట్టిన వైరు ఎన్నో ఏళ్లు చెక్కుచెదరకుండా ఉంటుంది, ఎందుకంటే గోడ కదలదు. విమానం నిరంతరం కంపిస్తుంది. చిన్న విమానాల్లో సాధారణమైన నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 2,700 చుట్లు తిరుగుతుందనుకొందాం. అంటే సెకనుకు 45 చుట్లు. నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి ఒక్కో చుట్టులో రెండు సిలిండర్లు పేలుతాయి. ఆ లెక్కన సెకనుకు 90 తాకిడులు, గంటకు 3,24,000. ఆ తాకిడులకు ఒక వైరు అల్యూమినియం రేకు అంచు మీద వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతోందనుకొంటే, కొన్ని గంటల ప్రయాణానికే ఆ అంచు రంపంలా పనిచేస్తుందని ఊహించడం కష్టం కాదు.

ఈ అరుగుదలకు ‘రాపిడి’ అన్న మాటను వాడటం కద్దు. భౌతికశాస్త్ర పాఠాల్లో ‘ఘర్షణ’ ఉండనే ఉంది. కాని ఇక్కడ జరిగేది రెండు వస్తువులు బలంగా రాసుకోవడం కాదు, ఒకదానికొకటి ఆనుకొని ఉండి తెలియకుండా అరగడం. ఎద్దు మెడ మీద కాడి ఒరుసుకొని కాయ కాస్తుంది. కొత్త చెప్పు మడమను ఒరుసుకొని కరుస్తుంది. ఆ నెమ్మదితనమూ ఆ ఎడతెగనితనమూ ‘ఒరుసుకొను’ అనే క్రియలో ఉన్నాయి. అందుచేత ఈ దోషాన్ని ‘ఒరిపిడి’ అనడం యుక్తమని నా అభిప్రాయం.

ఒరిపిడివల్ల తొడుగు తెగితే లోపలి తీగ లోహదేహానికి తగులుతుంది. గట్టిగా తగిలి నిలిచిపోతే ఫ్యూజు కాలిపోతుంది, లేదా బ్రేకరు తెగుతుంది, అది నయమే. తగిలీ తగలక నిప్పురవ్వలు పుట్టిస్తూ ఉంటే సాధారణ బ్రేకరు దాన్ని గుర్తించకపోవచ్చు. 1998 సెప్టెంబరు 2న న్యూయార్క్ నుంచి జెనీవా వెళుతూ కెనడా తీరానికి దగ్గరలో సముద్రంలో కూలిన స్విస్ఎయిర్ 111 విమానంలో 229 మంది మరణించారు. కాక్‌పిట్ సమీపంలో పైకప్పు లోపల వైరులో పుట్టిన విద్యుత్ ఆర్కు అక్కడి ఇన్సులేషన్ పొర పైచుట్టును అంటించి ఉంటుందని కెనడా రవాణా భద్రతా మండలి 2003 నాటి నివేదికలో తేల్చింది. అప్పటి బ్రేకర్లు అన్ని రకాల ఆర్కులనుంచీ రక్షించలేవని కూడా అది ఎత్తిచూపింది. అది పెద్ద విమానం. అందులో వైర్ల పొడవు కిలోమీటర్లలో ఉంటుంది. చిన్న విమానంలో వైర్లు తక్కువే గాని, పొగ నిండిన కాక్‌పిట్ నుంచి లేచిపోవడానికి వేరే గది కూడా ఉండదు.

ఈ సందర్భంలోనే వైరు ఎంపికను గురించి రెండు మాటలు. ఇంటి వైరింగులో వాడే ఒంటి తీగ కంపనానికి విరుగుతుంది, కనుక అనేక సన్నని పేటలను కలిపిన తీగ కావాలి. సాధారణ పీవీసీ తొడుగు కాలితే దట్టమైన విషపు పొగ వస్తుంది. అందువల్ల టెఫ్‌జెల్ వంటి తొడుగు గల విమానపు వైరునే నిర్మాతలు ఎంచుకొంటారు.

4. కుదురు: పట్టి ఉంచడం, నొక్కకపోవడం

గుండ్రని అడుగున్న కుండ నేల మీద నిలవదు. గడ్డితోనో కొబ్బరిపీచుతోనో చుట్టిన కుదురు మీద పెడితే నిలుస్తుంది. కుదురు కుండను పిసకదు, బంధించదు. కుండ దొర్లిపోగల దారులను మూస్తుంది, అంతే. ‘కుదురుగా కూర్చో’ అని పిల్లవాడికి చెప్పినప్పుడు కూడా కదలకుండా ఉండమనే గాని బిగుసుకుపొమ్మని కాదు. విమానంలోని వైర్లకట్టకు కావలసినది సరిగ్గా ఇదే. అందుచేత ‘వైర్లను బిగించు’ అనేదానికి బదులు ‘వైర్లను కుదురుపరచు’ అని, వైర్లను పట్టి ఉంచే ఆధారాన్ని ‘కుదురు’ అని అనవచ్చునని ప్రతిపాదిస్తున్నాను. అయితే కుండను ఎప్పుడు కావాలంటే అప్పుడు పైకెత్తవచ్చు. విమానంలోని కుదురు తలకిందులైనా వదలకూడదు. ఉపమానం అంతవరకే.

సాధనాల్లో ప్రధానమైనది మెత్తటి లోపొర ఉన్న లోహపు క్లాంపు. దీన్ని నిర్మాతలు ఏడెల్ క్లాంపు అంటారు. లోహపు పట్టీ బలాన్నిస్తుంది, రబ్బరు వంటి లోపొర తొడుగును కాపాడుతుంది. వైర్లకట్ట మందానికి తగిన కొలత క్లాంపును ఎంచుకోవడమే ఇందులోని నేర్పు. చిన్నదైతే వైర్లను నలిపేస్తుంది, మరీ పెద్దదైతే కట్ట అందులో జారుతూ ఒరుసుకొంటుంది. అమెరికా విమానయాన సంస్థ 1998లో వెలువరించిన ఏసీ 43.13-1బి అనే సలహాపత్రంలోని పదకొండో అధ్యాయం విద్యుత్ వ్యవస్థలకు సంబంధించినది. కట్టను పొడవు దిశలో తేలికగా లాగితే అది క్లాంపులో జారకూడదని అందులో ఉంది. ‘తేలికగా’ అన్న విశేషణాన్ని గమనించాలి. పశుబలంతో లాగినా కదలకూడదని అర్థం కాదు. ఆధారాల మధ్య దూరం 24 అంగుళాలకు మించరాదనీ, ఆధారాలు 12 అంగుళాల కంటే ఎడంగా ఉన్నచోట మధ్యలో కట్టలను ముడులతో కలిపి ఉంచాలనీ అదే పత్రం సూచిస్తుంది. ఇది స్వనిర్మిత విమానాలకు చట్టం కాదు, అయినా చాలామంది నిర్మాతలు దీన్నే ప్రమాణంగా పాటిస్తారు.

బిగువు ఎంత చేటో తెలియాలంటే రేడియో యాంటెనాకు వెళ్లే కోయాక్సియల్ కేబులును చూడాలి. దాని మధ్యలో ఒక తీగ, చుట్టూ మెత్తని పొర, దాని మీద లోహపు అల్లిక ఉంటాయి. మధ్య తీగకూ అల్లికకూ ఉన్న దూరం అంతటా సమానంగా ఉన్నప్పుడే సంకేతం సరిగా ప్రయాణిస్తుంది. ప్లాస్టిక్ టైతో పిసికి కడితే ఆ దూరం తగ్గి, రేడియో సంకేతం కొంత వెనక్కు మళ్లుతుంది. వైరు తెగలేదు, నిప్పు పుట్టలేదు. కాని కంట్రోల్ టవరు మాట సరిగా వినిపించదు. ‘గట్టిగా బిగించండి’ అన్న అనువాదం ఇంత పని చేయగలదు.

ప్లాస్టిక్ టైలు చవక, తొందర. వాటికి రెండు లోపాలున్నాయి. కత్తిరించిన కొస కత్తిలా ఉండి, తరువాత మరమ్మతుకు చేయి పెట్టినవాడిని గీరుతుంది. ఇంజను వేడికి పెళుసెక్కి విరుగుతాయి. అందుకే ఇంజను గదిలో నిర్మాతలు క్లాంపులనో, మైనం పట్టించిన అల్లిక దారంతో వేసిన ముడులనో నమ్ముకొంటారు.

ఈ ముడుల పద్ధతి టెలిఫోన్ కేబుళ్ల కాలంనుంచీ ఉన్నదే. 2012లో అంగారకుని మీద దిగిన క్యూరియాసిటీ రోవర్ ఛాయాచిత్రాల్లో కూడా చేతితో వేసిన ఇటువంటి ముడులు కనిపిస్తాయి. దారాన్ని కట్ట చుట్టూ రెండుసార్లు తిప్పి, కొసలను ఆ చుట్ల కిందుగా దూర్చి, వాటిమీద ఒకటి ఎడమగా ఒకటి కుడిగా రెండు ముళ్లు వేస్తారు. రెండూ ఒకే వైపుగా వేస్తే జారిపోతుంది. జారుముడికీ పీటముడికీ ఉన్న తేడా తెలిసిన రైతుకు ఇది వివరించనక్కరలేదు. ముడి కూడా వైర్లను కలిపి ఉంచేంతే గాని తొడుగులో దిగబడేంత బిగువుగా ఉండకూడదు. (ముడిని గురించి మాట్లాడుతూ ‘వడ్లమూడి’ పేరులోని ‘మూడి’ని ‘ముడి’గా వినిపించుకోవాలని ఎవరికైనా అనిపించవచ్చు. అది చెవికి ఇంపైన జననిరుక్తి మాత్రమే, దాన్ని ఆధారంగా చేసుకోలేం.)

కట్టలోని వైర్లు ఒకదానినొకటి దాటకుండా సమాంతరంగా ఉండాలన్నది మరో నియమం. ఒకదానిమీద ఒకటి అడ్డంగా పడినచోట కట్ట ఉబ్బుతుంది, క్లాంపు ఒత్తిడి అంతా ఆ ఒక్క బిందువు మీద పడుతుంది. చీరాల మగ్గాల మీద పడుగు సాగదీసేటప్పుడు దారం దారాన్ని దాటకుండా చూసే శ్రద్ధ ఇటువంటిదే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశపు తొలి సంపుటం వ్యవసాయానికి (1962), రెండో సంపుటం చేనేతకు (1971) చెందినవి. కట్టడం, పేనడం, అల్లడం, ముడివేయడం అనే పనులకు ఈ రెండు వృత్తులూ ఇచ్చిన పదసంపద అపారం. సాంకేతిక అనువాదకులు సంస్కృత సమాసాలకు పోయేముందు ఆ సంపుటాలను తిరగవేయకపోవడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది.

అన్నింటికీ తెలుగు మాట తేవాలన్న పట్టుదల అక్కరలేదు. రేకులోని రంధ్రం గుండా వైరు వెళ్లేచోట రంధ్రపు అంచుకు తొడిగే రబ్బరు వలయాన్ని గ్రోమెట్ అంటారు. దీన్ని ‘కాజా’ అనవచ్చునా అని ఆలోచించాను. కాని చొక్కా కాజా అంచుకుట్టు కాపాడేది ప్రధానంగా గుడ్డ అంచును. గ్రోమెట్ కాపాడేది రంధ్రంలోంచి వెళ్లే వస్తువును. పోలిక తిరగబడింది. గ్రోమెట్‌ను గ్రోమెట్‌గానే ఉంచడం మేలు.

5. వెసులుబాటు: కావాలని వదిలిన వదులు

‘వదులు’ అన్న మాటకు మన వాడుకలో నింద అంటుకొని ఉంది. వదులైన మర, వదులైన నోరు, ఏదీ మెప్పు కాదు. అందుకే పనివాడు వదులు కనిపిస్తే వెంటనే లాగి బిగిస్తాడు. ఉద్దేశపూర్వకంగా ఉంచే వదులుకు ‘వెసులుబాటు’ అన్న మాట తగినది.

వెసులుబాటు ఎంత ఉండాలో చెప్పడానికి పశువును కట్టే పలుపు మంచి ఉదాహరణ. గేదె పడుకోగలిగేంత పొడవు ఉండాలి, పక్కవాడి చేను అందేంత ఉండకూడదు. వైరు కూడా అంతే. రెండు ఆధారాల మధ్య కట్టను చేత్తో ఓ మాదిరిగా నొక్కితే అర అంగుళానికి మించి వంగకూడదని ముందు చెప్పిన సలహాపత్రం సూచిస్తుంది. అసలు వంగకపోతే, విమానదేహం వేడికి సాగి చలికి ముడుచుకొనేటప్పుడు ఆ లాగుడంతా చివరనున్న టెర్మినల్ మీద పడుతుంది. టెర్మినల్ దగ్గర మరికాస్త పొడవు ఎక్కువ ఉంటే, అది పాడైనప్పుడు కత్తిరించి కొత్తది వేసుకోవచ్చు. ఆ పొడవు లేకపోతే వైరునంతా మార్చవలసి వస్తుంది.

వంపు విషయంలోనూ ఇదే నీతి. కట్టలోని అతి లావు వైరు వ్యాసానికి పదిరెట్ల కంటే చిన్న వ్యాసార్ధంతో కట్టను వంచకూడదు. మూలలో చక్కగా మడత పెట్టినట్లున్న వైరు కంటికి పొందికగా కనిపిస్తుంది, లోపల పేటలు మాత్రం నలుగుతుంటాయి.

పరికరంలోకి వెళ్లే వైరు దానికంటే కిందికి దిగి, వంపు తిరిగి, మళ్లీ పైకెక్కి లోపలికి పోవాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు వంపు అడుగున రాలిపోతుంది, పరికరంలోకి చేరదు. పూరింటి చూరు చేసే పని ఇదే. వాన నీరు గోడ మీదికి రాకుండా చూరు కొసనే రాలిపోతుంది. ఈ వంపును ‘చూరువంపు’ అంటే పల్లెటూరి విద్యార్థికి బొమ్మ గీయకుండానే అర్థమవుతుంది. వంపు అడుగున తొడుగుగొట్టం ఉంటే దానికి చిన్న రంధ్రం ఉంచాలి, లేకుంటే నీరు అక్కడే నిలుస్తుంది.

6. ఎడం: ఏది దేనికి దూరంగా

పెట్రోలు గొట్టాలకు వైర్లను కట్టడం నిషిద్ధం. ఆధారం దొరకలేదని పక్కనే ఉన్న గొట్టానికి టై వేయడం తొలిసారి పనిచేసేవారికి సహజమైన శోధన. రెండూ పక్కపక్కన పోక తప్పనిచోట వైరు పైన, గొట్టం కింద ఉండాలి. గొట్టం కారినా పెట్రోలు వైరు మీద పడదు. కంట్రోల్ కేబుళ్లు, కడ్డీలు కదిలే దారి నుంచి వైరుకు ఇంకా ఎక్కువ ఎడం కావాలి. అక్కడ ఒరిపిడి ఒక్కటే భయం కాదు. జారిన వైరు కడ్డీకి అడ్డుపడితే పైలట్ చేతిలోని కర్ర తిరగదు. దిక్సూచి దగ్గరికి వెళ్లే డీసీ వైరు జంటను ఒకదానితో ఒకటి పురి పెడతారు. పోయే విద్యుత్తు, వచ్చే విద్యుత్తు పుట్టించే అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకొని ముల్లు తప్పు చూపకుండా ఉంటుంది.

రూటాన్ నమూనాల వంటి ఫైబర్‌గ్లాసు విమానాల్లో దేహం విద్యుత్తును మోయదు. లోహ విమానంలో దేహమే తిరుగుదారి అవుతుంది, ఇక్కడ ప్రతి పరికరానికీ తిరుగువైరు వేరుగా వేయాలి. వైర్ల సంఖ్య పెరుగుతుంది, వాటికి కుదుళ్లూ పెరుగుతాయి. రేకుకు రంధ్రం వేసి క్లాంపు తగిలించినంత సులువుగా ఫైబర్‌గ్లాసుకు రంధ్రం వేయలేరు, అంటించవలసి వస్తుంది. స్వయంగా అంటుకొనే ప్లాస్టిక్ దిమ్మెలు ఎండకు ఊడిపోతాయి. వాటిని ఎపాక్సీతో అంటించేవారే ఎక్కువ.

7. కోస్తా గాలి, కొక్కులు, కడపటి చూపు

బాపట్ల, రేపల్లె తీరంలో ఇనుప సామాను ఎంత త్వరగా తుప్పుపడుతుందో ఇక్కడివారికి తెలుసు. ఉప్పుగాలిలోని తేమ టెర్మినల్ సందుల్లో చేరి రాగిని పచ్చబరుస్తుంది, నిరోధం పెరుగుతుంది, ఆ చోటు వేడెక్కుతుంది. తగరపు పూత ఉన్న తీగ వాడటం, టెర్మినల్‌ను సరైన పనిముట్టుతో నొక్కి దాని మెడ మీద బిగువు తొడుగు వేయడం ఇక్కడ ఐచ్ఛికం కాదు. టంకం వేసిన అతుకైతే, టంకం పేటల్లోకి పాకినంతమేర తీగ కడ్డీలా బిరుసెక్కి, ఆ బిరుసు ముగిసేచోట కంపనానికి విరుగుతుంది. అటువంటి అతుకుకు పక్కనే ఒక కుదురు ఉండాలి.

డెల్టాలో మరో శత్రువు ఎలుక. వరి కోతలయ్యాక పొలాల్లో మేత తగ్గిన ఎలుకలు, పందికొక్కులు ఆగిన ట్రాక్టర్ల, కార్ల వైర్లను కొరకడం ఈ ప్రాంతంలో ఎవరూ వార్తగా భావించరు. ఎంత శాస్త్రీయంగా కుదురుపరచిన వైరైనా వాటికి ఆహారమే. షెడ్డులో నెలల తరబడి నిలిచే విమానానికి ఏ విదేశీ గ్రంథమూ చెప్పనంత తరచుగా లోపలి తనిఖీ అవసరం.

ఆ తనిఖీ కంటితో మొదలై వేలితో ముగుస్తుంది. మూతలు వేయకముందు ఒకరు కాక్‌పిట్‌లో కూర్చొని కర్రను, పెడళ్లను చివరిదాకా నాలుగు వైపులా తిప్పుతారు. మరొకరు టార్చిలైటు, చిన్న అద్దం పట్టుకొని ప్రతి వైరుకూ కదిలే భాగానికీ మధ్యనున్న ఎడాన్ని చూస్తారు. తరువాత క్లాంపు దగ్గర కట్టను తేలికగా లాగి జారుతుందో లేదో, ఆధారాల మధ్య నొక్కి అర అంగుళం దాటుతుందో లేదో పరీక్షిస్తారు. రేకు అంచుల దగ్గర తొడుగు మీద వేలు పోనిచ్చి గరుకు తగులుతుందేమో చూస్తారు. మెరుపు తగ్గిన చిన్న మచ్చ ఒరిపిడికి తొలి గుర్తు. ఈ స్థితిలో లోపలి భాగాలన్నింటినీ ఫోటోలు తీసి పెట్టుకొంటే, ఏడాది తిరిగి మూతలు తీసినప్పుడు ఏ వైరు తన చోటునుంచి జరిగిందో పోల్చి చూసుకోవచ్చు. అప్పుడు మూతలు పెట్టి స్క్రూలను బిగించాలి. ‘బిగించు’ అన్న క్రియకు ఈ పనిలో తగిన చోటు అదే.